యంత్రదృష్టి – మానవ బాధ్యత

మన జిల్లాలలో వరి పండించు ప్రతి గృహస్థునకును సార్టెక్స్ బియ్యమన నేమియో తెలియును. ఒకప్పుడు ఇంటి స్త్రీలు వసారాలో కూర్చుండి, చేటలో బియ్యము పోసికొని, వడ్లగింజను, మట్టిబెడ్డను, నల్లగింజను ఏరివైచెడివారు. నేడు ఆ పనిని మిల్లులో యంత్రము చేయుచున్నది. బియ్యము పలుచని ధారగా వాలుపలకపై జారుచుండగా కెమెరాలు ప్రతి గింజను చూచును. రంగుచెడిన గింజ కనబడినంతనే సన్నని గొట్టమునుండి గాలి చిమ్మి దానిని ప్రక్కకు త్రోయును. సార్టెక్స్ అనునది అట్టి యంత్రములను చేసిన లండను సంస్థ పేరు. మన బజారులలో అది బియ్యపు రకమునకే పేరైపోయినది. కావున యంత్రము చూచి మంచిచెడ్డలు వేరుచేయుట మనకు వింత కాదు.

వింత యిప్పుడు వచ్చినది. బియ్యపు యంత్రమునకు స్వతంత్రబుద్ధి లేదు. ఇంతవరకు తెలుపైన లోనికి, ఇంతకు మించి నలుపైన వెలుపలికి అని మిల్లుదారు హద్దు పెట్టును. యంత్రము ఆ హద్దును పాటించును. తప్పు వచ్చినచో హద్దు పెట్టిన మనుష్యుని అడుగవచ్చును. కాని గత కొలది సంవత్సరములుగా కర్మాగారములందు ప్రవేశించుచున్న సాఫ్ట్‌వేరు ఏజెంటులు చూచుటతో ఆగుట లేదు. అవి చూచును, సందేహించును, మరల చూచును, తీర్పు చెప్పును, ఆ తీర్పును అమలు జరుపును. ఈ మార్పువలన లాభమెట్టిది, జాగ్రత్త యెంత యవసరము అను విషయమును నేడు చదువరుల యెదుట నుంచ దలచితిమి.

ఏజెంటు అను మాట మనకు క్రొత్తది కాదు. పొగాకు కంపెనీల ఏజెంటును, భీమా ఏజెంటును మన గ్రామములు చిరకాలముగ నెరుగును. ఒకరి పక్షమున, వారిచ్చిన అధికారముతో పనిచేయువాడే ఏజెంటు. సాఫ్ట్‌వేరు ఏజెంటును అట్టిదియే. కెమెరా వస్తువును చిత్రించును. గణకయంత్రములోని ఒక నమూనా ఆ చిత్రమును పరీక్షించి, ఇది మంచిది, ఇది దోషయుక్తము అని చెప్పును. ఇంతవరకు ఉన్నది దృష్టి మాత్రమే. ఏజెంటు ఆ దృష్టికి పై అధికారివంటిది. సందేహము కలిగినచో వెలుతురు మార్చి మరియొక చిత్రము తీయుమని ఆజ్ఞాపించును, నిన్నటి చిత్రములతో పోల్చిచూచును, చిట్టాలో వ్రాయును, దోషములు ఎక్కువైనచో వరుసను ఆపి సూపర్‌వైజరునకు కబురుపెట్టును. ఇదివరలో ముగ్గురు నలుగురు మనుష్యులు పంచుకొన్న పనిని అది యొక్కటియే చేయును.

బట్టలయందును, మోటారు భాగములయందును, విద్యుత్పలకలయందును ఇట్టి తనిఖీ జరుగుచున్నది. కాని ఈ ప్రశ్న యొక్క తీవ్రత బోధపడవలెనన్న సూదిమందు సీసాను చేతికి తీసికొనుట మంచిదని మాకు తోచినది. హైదరాబాదు పరిసరములందును, విశాఖపట్టణము చెంతనున్న పరవాడయందును ఔషధ కర్మాగారములు విరివిగా నున్నవి. మన ప్రాంతమున తయారైన టీకాలును మందులును దేశదేశములకు పోవుచున్నవి. బట్టలో పోగు తప్పినచో కొన్నవాడు తిరిగి యిచ్చును. సూదిమందులో గాజు నలుసు మిగిలినచో అది మనుష్యుని నెత్తురులోనికి పోవును. దానిని తిరిగి యిచ్చుట లేదు.

ఈ సీసాలను పరీక్షించుటకు ఐరోపా, అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథములు ఒక విధి నేర్పరచినవి. 2,000 మొదలు 3,750 లక్సుల వెలుతురులో, సీసాను మెల్లగా త్రిప్పి, తెల్లని తెర ముందు 5 సెకండ్లు, నల్లని తెర ముందు 5 సెకండ్లు చూడవలయును. నల్లని నలుసు తెల్లని తెరపైనను, గాజు పెంకు, తెల్లని పీచు నల్లని తెరపైనను బయటపడును. చూచుటకు ఇది సులభమైన పనివలెనే యుండును. కాని ఒక్క సీసాకు 10 సెకండ్లయినచో గంటకు 360 సీసాలు. ఆ 360 సీసాలలో ఒక్కటియైనను చెడ్డది లేకపోవచ్చును. ఏమియు కనబడని చోట, కనబడునేమో యని గంటలతరబడి చూచుచుండుటయే ఈ ఉద్యోగము.

మానవుని కన్ను దీనికి తగినదేనా? రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండు వైమానికదళమున రాడారు తెరలను కనిపెట్టియుండు వారు శత్రుచిహ్నములను పోనిచ్చుట చూచి, నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షలు జరిపి 1948లో ఫలితములను ప్రకటించెను. గడియారమువంటి పలకపై ముల్లు అంచెలంచెలుగా కదలుచుండును. అరుదుగా ఒకసారి రెండంచెలు దుముకును. ఆ దుముకును పట్టుకొనుటయే పని. మొదటి అరగంట గడచినంతనే చూపరుల పట్టు సడలిపోయినది. వారు సోమరులు కారు, అశ్రద్ధ వారికి లేదు. అరుదైనదానికై యెడతెగక వేచియుండుట మానవ మనస్సునకు సహజము కాదు. కావున తనిఖీ బల్ల యొద్ద కూర్చున్న అమ్మాయి ఒక సీసాను పోనిచ్చినదని ఆమెను నిందించుట న్యాయము కాదు.

ఇచ్చటనే యంత్రము మనకు తోడ్పడుచున్నది. దానికి నిద్ర లేదు, విసుగు లేదు. సూదిమందు సీసాలను చూచు యంత్రపు ఉపాయము కడు చక్కనిది. అది సీసాను గిరగిర త్రిప్పి చటుక్కున ఆపును. సీసా నిలచినను లోపలి ద్రవము తిరుగుచునే యుండును. ఆ క్షణమున వెంటవెంట కొన్ని చిత్రములు తీసి ఒకదానితో నొకటి పోల్చును. కదలక నిలచినది గాజుపై గీత. కదలినది లోపలి నలుసు. మన ఇండ్లలో చెంబులోని నీటిని ఒక్కసారి త్రిప్పి అడుగున మట్టి యున్నదేమో చూచుట యెరిగినవారికి ఇది వెంటనే బోధపడును.

కాని కదలినదెల్ల నలుసు కాదు; గాలిబుడగ కూడ కదలును. పాత యంత్రములు బుడగను నలుసని భ్రమించి మంచి సీసాలను అనేకము త్రోసిపుచ్చుచుండెడివి. బుడగ గుండ్రముగా మెరయుచు పైకి లేచును, గాజు పెంకు క్రిందికి దిగును, పీచు మెలితిరుగుచు తేలియాడును అను భేదములను సూత్రములుగా వ్రాసియిచ్చుట కష్టము. 2012 తరువాత ఉదాహరణములను చూచి తామే భేదమును గ్రహించు నమూనాలు చిత్రములను గుర్తించుటలో పాత పద్ధతులను మించిపోయినవి. అయినను ఒక చిక్కు మిగిలినది. మంచి కర్మాగారమున చెడ్డ వస్తువులు అరుదు. అరుదైనదానిని నేర్పుటకు ఉదాహరణములు దొరకవు. అందుచే మంచిదానిని మాత్రమే క్షుణ్ణముగ నేర్పి, దానికి భిన్నమైనదెల్ల అనుమానింపుమను పద్ధతి వచ్చినది. మ్యూనిచ్ నగరపు ఎంవిటెక్ సంస్థ 2019లో 15 విధములైన వస్తువుల చిత్రములు 5,354 ఈ పరీక్షకై లోకమున కందరకు నిచ్చినది. వానిలో నేర్పుటకు ఉద్దేశించినవన్నియు మంచి వస్తువుల చిత్రములే. నిత్యము రత్నములను చూచువాడు రాతిని చూడగనే గుర్తించును గదా!

ఏజెంటువలన కలుగు మేలు ఇంతటితో ముగియదు. అసలు మేలు వేరొకటి కలదు. 1924లో అమెరికాయందు వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేయుచుండిన వాల్టర్ షూహార్ట్, తయారైన వస్తువులలో చెడ్డవానిని ఏరుటకంటె తయారుచేయు విధానము ఎప్పుడు అదుపు తప్పుచున్నదో కనిపెట్టుట మేలని ఒక రేఖాపటముతో నిరూపించెను. ఆ విద్య మనకు కడు త్వరగనే వచ్చినది. 1931లో కలకత్తాయందు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటును స్థాపించిన మహలనోబిస్ పండితుని ఆహ్వానముపై షూహార్ట్ 1947–48లో మన దేశమునకు వచ్చి ఈ శాస్త్రమును బోధించెను. చీడపట్టిన పైరును కళ్ళములో ఏరుకొనువాడు రైతు కాడు. చీడను మడిలోనే పట్టుకొనువాడు రైతు.

ఏజెంటు ఈ పనికి తగియున్నది. ఒక మధ్యాహ్నము గాజు నలుసులు ఎక్కువైనచో, అవి ఏ వేళ మొదలైనవో, ఏ బెల్టుపై వచ్చిన సీసాలలో కనబడుచున్నవో, ఆ వేళ యంత్రమున ఏ భాగము మార్చిరో చిట్టాలన్నిటిని తిరుగవేసి కొలది నిమిషములలో ముందుంచగలదు. రబ్బరు బిరడాల తునకలు కనబడినచో బిరడాలు వచ్చిన మూటల లెక్కను వెదకగలదు. చెడ్డ సీసాను ఏరుట ఒక్క సీసాకు మేలు. చెడుపునకు మూలము చెప్పుట మరునాటి లక్ష సీసాలకు మేలు. ఇట్టి సాధనమును కాదనుట వివేకము కాదని మేము స్పష్టముగ చెప్పుచున్నాము.

అయినను లెక్క చూడక లాభమును నమ్మరాదు. ఒక ఊహాలెక్కను తీసికొందము. లక్ష సీసాలలో 100 చెడ్డవి యున్నవనుకొనుడు. యంత్రము నూరు చెడ్డవానిలో 99 పట్టుకొనును. నూరు మంచివానిలో ఒక్కదానిని మాత్రమే పొరపాటున త్రోసిపుచ్చును. ఇంతకంటె నేమి కావలయునని తోచును. కాని మంచివి 99,900 కలవు గావున పొరపాటున త్రోయబడునవి 999 అగును. త్రోయబడిన మొత్తము 1,098. వానిలో నిజముగ చెడ్డవి 99, అనగా సుమారు పదునొకండింట ఒకటి. ఈ త్రోసిన సీసాలను మరల చూచుటకు కూర్చుండబెట్టిన మనుష్యునకు పదింట తొమ్మిది మంచివే కనబడును. "ఈ యంత్రము ఊరక భయపడుచున్నది" అను భావము అతనికి కలుగును. వేలు అలవాటుగా "మంచిది" అను మీటపై పడుచుండును. మాక్‌వర్త్ చూపిన అలసట మరియొక ద్వారమున మరల లోనికి వచ్చినది!

ఇంతటితో పోయిన బాగుండును. ఆ మీట నొక్కులనే పాఠములుగా గ్రహించి, తన హద్దులను తానే సడలించుకొను ఏజెంటు నొకదానిని ఊహింపుడు. అలసిన మనుష్యుడు యంత్రమునకు గురువగును. ఆ శిష్యుడు మరునాడు మరికొంత సడలించును. త్రోయబడు సీసాలు తగ్గును, యజమానికి నష్టము తగ్గును, పట్టికలన్నియు శోభాయమానముగ నుండును. నలుసుమాత్రము సీసాలో నుండును. ఎవరును అబద్ధమాడలేదు, ఎవరును లంచము తినలేదు. అయినను ప్రమాణము దిగజారినది. దిగజార్చినదెవరని అడిగినచో చూపుటకు వ్రేలికి మనుష్యుడు దొరకడు.

ఈ అపాయమును ఐరోపా అధికారులు గుర్తింపకపోలేదు. ఔషధ తయారీలో కృత్రిమబుద్ధి వినియోగమును గూర్చి 2025 జూలైలో వారు ప్రకటించిన ముసాయిదా, అనుబంధము 22 అను పేరిటిది, గమనింపదగినది. రోగి క్షేమమునకు సంబంధించిన కీలకమైన పనులలో, వాడుకలో నుండగా తనను తాను మార్చుకొను నమూనాను ఉపయోగింపరాదనియు, ఒకే చిత్రమునకు ఒకేవిధమైన సమాధానము చెప్పు స్థిరమైన నమూనాలే తగుననియు, వాక్యములు అల్లెడి భాషా నమూనాలు అట్టి పనులకు కూడవనియు ఆ ముసాయిదా చెప్పుచున్నది. నమ్మకము చాలనప్పుడు ఊహించి తీర్పు చెప్పుటకంటె నిర్ణయింపజాలనని చెప్పుట మేలనియు సూచించుచున్నది. తెలియనిది తెలియదని యొప్పుకొనుట మనుష్యులలోనే అరుదు. యంత్రమునకు దానిని ముందుగా నేర్పవలసియున్నది.

ఇక న్యాయవాదులగు చదువరులకొక మాట. మన 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 182వ సెక్షనున, ఏజెంటనగా ఇతరుని పక్షమున పనిచేయుటకు నియమింపబడిన వ్యక్తి యని యున్నది. సాఫ్ట్‌వేరు వ్యక్తి కాదు. దానిని బోనులో నిలబెట్టలేము, జరిమానా వేయలేము, దానికి సిగ్గు లేదు. కామందు ముక్తారునామా వ్రాసియిచ్చిన గుమాస్తా తప్పుచేసిన కామందు గుమాస్తాపై దావా తెచ్చుకొనవచ్చును. ఈ ఏజెంటుపై దావా తెచ్చుటకు వీలు లేదు. కావున పేరు ఏజెంటే కాని, అది యజమాని చేతిలోని పనిముట్టు. దాని తప్పు సంపూర్ణముగ యజమాని తప్పే. 2023 డిసెంబరున మన కేంద్రప్రభుత్వము సవరించిన షెడ్యూలు ఎం కూడ మందుల నాణ్యమునకు లైసెన్సుదారుడే బాధ్యుడని నిష్కర్షగ చెప్పుచున్నది. "యంత్రము అట్లు చెప్పినది" అను సమాధానము చెల్లదని ప్రతి కర్మాగార యజమానియు నేడే మనసున పెట్టుకొనుట మంచిది.

ఉత్పత్తిదారులు ఒక ఆక్షేపణ చెప్పవచ్చును: మానవుడు ఇంతకంటె ఎక్కువగా పొరపడుచుండగా యంత్రమునకు ఇన్ని నిబంధనములేల యని. ఈ మాటలో సత్యము లేకపోలేదు. దానికి సమాధానముగ జూలియస్ నాప్, కుష్నర్ అను వారు 1980లోనే ఒక పరీక్షను ప్రకటించిరి. కొన్ని సీసాలను అనేకులు అనేకసార్లు చూతురు. పదింట ఏడుసార్లకు తగ్గక త్రోయబడిన సీసాలు తప్పక త్రోయదగినవని లెక్క. అవే సీసాలను యంత్రమునకు చూపి, అది మనుష్యులకు తీసిపోలేదని నిరూపింపబడిన పిమ్మటనే దానిని పనిలో పెట్టవలయును. ఇంతకంటె ధర్మమైన పరీక్ష లేదు. మేము కోరునది యంత్రమునకు శిక్ష కాదు, పరీక్ష. మన బడిపిల్లవానికి పెట్టెడి పరీక్షను యంత్రమునకు పెట్టుట అవమానము కాదు.

కన్ను ఎంత తీక్ష్ణమైనదైనను దానికి కనబడని దోషములు కలవని మరువరాదు. పశ్చిమాఫ్రికాలోని గాంబియాయందు దొరికిన, మన దేశమున తయారైన నాలుగు సిరపు మందులలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అను విషములు కలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో హెచ్చరించినది. పసిపిల్లల మరణములకును వీనికిని సంబంధముండవచ్చునని లోకము కలవరపడినది. అట్టి విషము ద్రవములో నిర్మలముగ కలసిపోవును. వేయి కెమెరాలు చూచినను కనబడదు. రసాయన పరీక్షయే దానిని పట్టగలదు. కెమెరాలను కొని, ప్రయోగశాలను చిన్నచూపు చూచు కర్మాగారము తలుపునకు తాళమువేసి గోడకు కన్నము విడిచినట్లే యగును.

చివరకు మనుష్యుల మాట. తనిఖీ బల్లల యొద్ద ఏండ్లతరబడి కూర్చుండినవారికి నలుసుల స్వభావము తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. ఏది బుడగయో, ఏది పెంకో చిత్రముపై గురుతుపెట్టి యంత్రమునకు నేర్పినది వారి కన్నులే. పాఠము చెప్పించుకొని గురువును వీధిలో నిలబెట్టుట మన సంప్రదాయము కాదు. సందేహాస్పదమైన చిత్రములపై తీర్పు చెప్పుటకును, యంత్రమును నిత్యము పరీక్షించుటకును వారే తగినవారు. ఆ పనికి తగిన హోదాయు జీతమును వారికి కల్పించుట యజమానులకే లాభము. వారిని పంపివైచిన కర్మాగారమున కొన్ని సంవత్సరములకు యంత్రము తప్పిన తప్పినదని చెప్పగలవారే యుండరు.

కావున మా సూచనలు ఇవి. ప్రతిదినము పని మొదలుపెట్టుటకు ముందును, ముగించిన పిదపను, దోషమున్నదని యెరిగిన సీసాలను మంచివానిలో కలిపి యంత్రమునకు చూపవలయును. అన్నిటిని పట్టనిచో ఆనాటి తనిఖీయంతయు మరల జరుగవలయును. ఏజెంటు హద్దులను తానే మార్చుకొనరాదు. మార్పు అవసరమైనచో పేరుగల యొక అధికారి కారణము వ్రాసి సంతకము చేయవలయును. ప్రతి తీర్పునకు మూలమైన చిత్రము భద్రముగ నుంచవలయును. త్రోసినవానిని మరల చూచు మనుష్యుని అరగంట కొకసారి మార్చవలయును. చిన్న కర్మాగారములు ఈ వ్యయమును భరింపజాలవను మాట నిజమే. ప్రభుత్వములును, మన సాంకేతిక కళాశాలలును కలసి దోషచిత్రముల సంపుటములను, పరీక్షాసాధనములను వారికి అందుబాటులోనికి తేవలయును. ఇది పెద్ద వ్యయము కాదు.

మన దేశపు సరకునకు లోకమున పేరు రావలెనని మనమందరము కోరుచున్నాము. ఆ పేరు సీసాపై అంటించిన చీటీతో రాదు. దూరదేశమున ఎవరో యొక రోగి, మన ఊరిపేరైనను ఎరుగనివాడు, నమ్మకముతో చేయి చాచి సూదిమందు వేయించుకొనును. ఆ సీసాను చూచినది మనిషియా, యంత్రమా యని అతడు అడుగడు. దానికి పూచీపడినవాడు ఒకడున్నాడని మాత్రమే అతని నమ్మకము. ఆ పూచీపడువాని సంతకము చిట్టాలో చెరిగిపోకుండ చూచుకొనుట మన పని.